బండికి ముందు బాట చూడండి: కిక్‌స్లెడ్‌తో చలికాలం

అందరికీ నమస్కారం.

ఫిన్లాండ్‌లో మొదటి చలికాలం చూడబోతున్నవాళ్లు ఈ గదిలో చాలామందే ఉన్నారు. డిసెంబరు దాటాక పల్లెల్లో, చిన్న ఊళ్లలో దుకాణాల ముందు కుర్చీలాంటి బండి ఒకటి నిలబెట్టి ఉంటుంది. కింద దాదాపు 2 మీటర్ల పొడవున రెండు ఉక్కు బద్దలు (వీటినే రన్నర్లు అంటారు), ముందు చిన్న చెక్క సీటు, వెనక హ్యాండిల్. ఇక్కడ దాన్ని పొత్కుకెల్కా అంటారు, స్వీడన్, నార్వేల్లో స్పార్క్ అంటారు. ఇంగ్లిషు పేరు కిక్‌స్లెడ్. ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం.

ఇది 1870ల ప్రాంతంలో ఉత్తర స్వీడన్‌లో పుట్టింది. మొదట్లో కింది బద్దలు మోటు చెక్కవి, వంగేవి కావు. సుమారు 1909లో వంగే సన్నని ఉక్కు రన్నర్లు వచ్చాకే బండి తేలికపడింది, తిప్పితే తిరగడం మొదలుపెట్టింది. దీనికి చక్రమూ లేదు, స్టీరింగూ లేదు. హ్యాండిల్‌ను మెలిపెడితే రన్నర్లు కొద్దిగా వంగుతాయి, ఆ వంపు వెంట బండి మలుపు తీసుకుంటుంది. వేగం తక్కువగా ఉన్నప్పుడు వెనక భాగాన్ని కాస్త ఎత్తి పక్కకు పెట్టుకోవడమే సులువు.

కొనేవాళ్లలో ఎక్కువమంది బండిని చూస్తారు, బాటను చూడరు. మన భాషలో ఆకాశం నుంచి కురిసేదీ మంచే, చెరువు గట్టిపడితే అదీ మంచే. కిక్‌స్లెడ్‌కు మాత్రం ఆ రెంటికీ చాలా తేడా ఉంది. సన్నని ఉక్కు రన్నర్‌కు గట్టి నేల కావాలి: బాగా తొక్కుడుపడిన మంచు, నున్నటి గడ్డ (గట్టిపడిన నీరు), ఇసుక వేయని రోడ్డు. చీలమండ దాకా కూరుకుపోయే కొత్త మంచులో అది కత్తిలా దిగబడిపోతుంది. అలాంటి చోట రన్నర్ల కింద వెడల్పాటి ప్లాస్టిక్ తొడుగులు బిగించాలి. మళ్లీ గడ్డ మీదకు వచ్చినప్పుడు వాటిని తీసేయాలి. ఉక్కు అంచుకున్న పట్టు ప్లాస్టిక్‌కు ఉండదు, మలుపులో బండి పక్కకు జారిపోతుంది.

కిక్‌స్లెడ్‌కు అసలు శత్రువు చలి కాదు, కంకర. నగరాల్లో జనం జారిపడకుండా కాలిబాటల మీద గులకరాళ్లు చల్లుతారు. రన్నర్ వాటి మీదకు ఎక్కిందంటే బండి ఉన్నచోటే ఆగిపోతుంది, మీరు మాత్రం ముందుకు తూలుతారు. ముందు రాళ్లు కనబడితే దిగి, బండిని ఎత్తి దాటించండి. 7 నుంచి 9 కిలోల బరువే కాబట్టి కష్టం కాదు. పెద్ద నగరాల్లో దీని వాడకం తగ్గడానికి ఈ కంకర ఒక కారణం. అందుకే కొనేముందు మీ ఇంటి నుంచి ఏ బాటల్లో కంకర వేస్తారో ఒకసారి నడిచి చూసుకోండి.

ఇంకో చిక్కు: వెచ్చటి ఇంట్లోంచి తెచ్చి నేరుగా మంచు మీద పెడితే బండి కదలదు. వేడి ఉక్కు కింద మంచు కరుగుతుంది, మరుక్షణం రన్నర్‌కు గడ్డలా అతుక్కుంటుంది. బయలుదేరడానికి అరగంట ముందే బండిని బయట, గోడకు ఆనించి పెట్టండి. అతుక్కున్నదాన్ని ప్లాస్టిక్ గీకుడుతో తీయండి. సున్నాకు కాస్త దిగువన బండి బాగా జారుతుంది. మైనస్ 25 దగ్గర పొడి మంచు ఇసుకలా రాపిడి పెడుతుంది. అది బండి లోపం కాదు.

ఇక తొక్కే పద్ధతి. హ్యాండిల్ మీ బొడ్డు ఎత్తుకు అటూఇటూగా ఉండాలి. మరీ కిందికి ఉంటే నడుము పట్టేస్తుంది. ఒక పాదం రన్నర్ మీది మెట్టు మీద ఉంచి, రెండో కాలిని రెండు రన్నర్ల మధ్య కొంచెం ముందు ఆనించి, నేలను వెనక్కి నెట్టండి. కొత్తవాళ్లు టకటకా చిన్న అడుగులు వేసి అయిదు నిమిషాల్లో అలిసిపోతారు. నెట్టాక ఆగండి, బండిని జారనివ్వండి, జోరు తగ్గబోతుండగా మళ్లీ నెట్టండి. ప్రతి 8, 10 తోపులకు కాలు మార్చండి. మార్చకపోతే నెట్టే కాలికన్నా ముందుగా, మెట్టు మీద నిలబడిన కాలి తొడ మండుతుంది, ఎందుకంటే వంగి లేస్తూ బరువంతా మోసేది అదే. పిరుదులకు, తొడ వెనక కండరాలకు, పిక్కలకు మంచి పని. పరుగులో లాగా మోకాలికి దెబ్బ తగలదు కాబట్టి ఇక్కడి పెద్దవాళ్లకు ఇది ఊతం, సంచి మోసే బండి, అలిసినప్పుడు కూర్చునే కుర్చీ. మొదటి వారం 20 నిమిషాలు చాలు.

నెట్టే కాలికి పట్టు లేకపోతే ఇదంతా వృథా. బూటుకు ముళ్లున్న రబ్బరు తొడుగు వేసుకోండి. చాలా బండ్లకు బ్రేకు ఉండదు. మడమలు నేలకు రాసి ఆపాలి. గడ్డకట్టిన వాలులో అది సరిపోదు, దిగి నడవండి. చట్టం దృష్టిలో మీరు పాదచారులే. చీకట్లో రిఫ్లెక్టర్ తప్పనిసరి.

పిల్లల్ని సీట్లో కూర్చోబెట్టేవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోండి. మైనస్ 15లో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఎదురుగాలి వల్ల చర్మానికి అది మైనస్ 23లా తగులుతుంది. మీకు చెమట పడుతుంటుంది, కదలకుండా కూర్చున్న బిడ్డ వణుకుతుంటుంది. దుప్పటి చుట్టండి, పాదాలు రన్నర్ల కిందకు జారకుండా చూడండి, తలకు హెల్మెట్ పెట్టండి, పదేసి నిమిషాలకు బుగ్గలు, ముక్కు ముట్టుకుని చూడండి. మీకు మాత్రం లోపలి పొర ఊలుదై ఉండాలి. నూలు బనీను తడిసిందంటే ఆరదు.

సరస్సు మీదకు వెళ్లేటప్పుడు గడ్డ గట్టిగా, నల్లగా కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉండాలి. తెల్లటి, నీళ్లూ మంచూ కలిసి గట్టిపడిన గడ్డకు అంత బలం ఉండదు. వాగు కలిసేచోటా, వంతెన కిందా, రెల్లు దగ్గరా పలచగా ఉంటుంది. మంచు ముళ్ల జత (నీళ్లలో పడితే గడ్డలో గుచ్చి పైకి పాకడానికి వాడే మొనదేలిన పిడులు) జేబులో కాదు, మెడలో వేలాడాలి. నీళ్లలో పడ్డవాడికి జేబు జిప్పు తీసే వ్యవధి ఉండదు. ఒంటరిగా వెళ్లకండి.

పాత బండి కొనేవాళ్లు దాన్ని చదునైన నేల మీద పెట్టి చూడండి. రెండు రన్నర్లూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, నేలను ఒకేలా తాకాలి. పైపైన తుప్పుంటే సన్న గరుకు కాగితంతో పోతుంది, వంకర మాత్రం పోదు. మడిచే రకమైతే బోల్టులు ఊగకుండా బిగుస్తున్నాయో లేదో చూడండి. వాడాక రన్నర్లు తుడిచి పొడిగా ఉంచండి, ఏప్రిల్లో పలచగా నూనె రాసి, నేల తగలకుండా వేలాడదీయండి.