తెరిచిన ప్రతిసారీ 28 పిక్సెళ్లు

అధ్యక్షులకు, నిర్వాహకులకు, ఈ సభకు వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

మంచి బగ్ రిపోర్టు, అంటే ప్రోగ్రాములో కనబడిన తప్పును దాన్ని తయారుచేసేవారికి తెలిపే రాత, ఎలా రాయాలో కొత్తవారికి చెప్పమని నన్ను పిలిచారు. ఆ పని చేస్తాను గాని, నియమాలు వల్లించను. ఒకే ఒక్క బగ్ గురించి మాట్లాడతాను. నేను పద్నాలుగేళ్లుగా రోజూ వాడుతున్న, అప్పుడప్పుడు ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో చిన్న సవరణలు, కూడా పంపుతున్న ఒక టెక్స్ట్ ఎడిటర్‌లో అది ఉంది. ఎడిటర్ పేరు చెప్పను. దాన్ని నడిపేవారు జీతం భత్యం లేకుండా తమ సాయంత్రాలను ధారపోస్తున్నవారు. వారిని బోనులో నిలబెట్టడానికి నేను ఇక్కడికి రాలేదు.

బగ్ ఇది. మూసేటప్పుడు ఎడిటర్ తన విండో తెర మీద ఎక్కడుందో సెట్టింగ్స్ ఫైలులో రాసుకుంటుంది, మళ్లీ తెరిచినప్పుడు అదే చోట కనబడాలని. కాని అదే చోట కనబడదు. 28 పిక్సెళ్లు కిందికి, 4 పిక్సెళ్లు కుడికి జరిగి తెరుచుకుంటుంది. మళ్లీ మూసి తెరిస్తే మరో 28, మరో 4. విండోను తెర ఎడమ పై మూలకు ఆనించి, ఒక్క అక్షరమూ టైపు చేయకుండా మూసి, ఆ సెట్టింగ్స్ ఫైలు చూడండి. పై అంచు దగ్గర 0 ఉండాలి, 28 ఉంటుంది. తెరిచి మూయండి, 56. ఇంకోసారి, 84. ఆ తర్వాత 112. నేను ఎన్నిసార్లు చేసి చూసినా ఈ వరస తప్పలేదు. 1080 పిక్సెళ్ల ఎత్తున్న తెర మీద 700 పిక్సెళ్ల విండో పెట్టుకుంటే, పద్నాలుగోసారి తెరిచేటప్పటికి దాని కింది అంచు తెర దాటిపోయి, లైను నంబరు చూపించే స్టేటస్ బార్ కనబడకుండా పోతుంది.

28 అన్నది ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. అది నా యంత్రంలో టైటిల్ బార్, అంటే విండో పైన పేరు కనబడే పట్టీ, మందం. 4 అన్నది పక్క అంచు మందం. ఆ రెండు సంఖ్యలను గుర్తుపట్టినవారికి బగ్ సగం దొరికినట్టే.

మిగతా సగానికి కాస్త వెనక్కి వెళ్లాలి. లినక్స్ వంటి యంత్రాల్లో విండోలను తెర మీద చూపించే ఎక్స్ విండో వ్యవస్థ 1984లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఈనాటికీ వాడుకలో ఉన్న పదకొండో వెర్షన్ 1987లో వచ్చింది. ఆ వ్యవస్థలో ప్రోగ్రాము తన విండోను తాను గీసుకుంటుంది గాని, దాని చుట్టూ ఉన్న చట్రాన్ని, అంటే టైటిల్ బార్‌నూ అంచులనూ, విండో మేనేజర్ అనే వేరొక ప్రోగ్రాము తొడుగుతుంది. కాబట్టి ఒకే విండోకు రెండు మూలలు ఉంటాయి: చట్రం బయటి మూల ఒకటి, లోపల ప్రోగ్రాముకు దక్కిన చోటి మూల మరొకటి. "నేనెక్కడున్నాను?" అని ఎడిటర్ అడిగితే వ్యవస్థ లోపలి మూల చెబుతుంది. "నన్ను ఇక్కడ పెట్టు" అని ఎడిటర్ కోరితే, మామూలుగా విండో మేనేజర్ బయటి మూలను అక్కడ పెడుతుంది. ఈ మర్యాదలన్నీ ఎక్స్ నియమావళిలో రాసే ఉన్నాయి. లోపలి మూలే కదలకుండా ఉండాలనుకుంటే స్టాటిక్ గ్రావిటీ అని అడగవచ్చని కూడా అందులో ఉంది. మా ఎడిటర్ లోపలి కొలత రాసుకుని, దాన్ని బయటి కొలతగా అప్పగిస్తోంది. ఆ తేడానే 28, 4.

ఇంత తేలికైన తప్పు ఇన్నేళ్లు ఎందుకు నిలిచిందని మీరు అడగాలి. మొదటి కారణం, చాలామందికి అది కనబడనే కనబడదు. విండోను మ్యాక్సిమైజ్ చేసి వాడేవారికి కనబడదు. రోజంతా ఎడిటర్ మూయనివారికి కనబడదు. విండోలను తనే వరసగా పేర్చే విండో మేనేజర్ ఉన్నవారికి కనబడదు. ఎడిటర్ కోడ్ రాసేవారిలో ఎక్కువమంది ఈ మూడు రకాలవారే.

రెండో కారణం, బాగుచేయడానికి జరిగిన ప్రయత్నాలు. మొదట వచ్చిన ప్యాచ్ రాసుకునే సంఖ్యలో నుంచి నేరుగా 28 తీసేసింది. ఆ ప్యాచ్ పెట్టినతని దగ్గర విండో కదలకుండా నిలిచింది. టైటిల్ బార్ 34 పిక్సెళ్లున్న థీమ్ వాడేవారి దగ్గర తెరిచినప్పుడల్లా 6 కిందికి దిగింది. 22 ఉన్నవారి దగ్గర 6 పైకి ఎక్కింది. పైకి ఎక్కడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే టైటిల్ బార్ తెర పైభాగం దాటిపోతే పట్టుకుని లాగడానికి మౌసుకు ఏమీ మిగలదు. ఆ ప్యాచ్‌ను వెనక్కి తీసుకున్నారు, సరిగ్గానే చేశారు. రెండో ప్యాచ్ చట్రం మందాన్ని ఊహించకుండా విండో మేనేజర్‌నే అడిగింది. అందుకు ఫ్రేమ్ ఎక్స్‌టెంట్స్ అని ఎడమ, కుడి, పై, కింది అంచులకు నాలుగు సంఖ్యలు వేరుగా దొరుకుతాయి. అయితే ఆ ప్యాచ్ ఎడిటర్ మొదలవగానే ఒకసారి అడిగి, వచ్చిన జవాబును దాచుకుంది. అప్పటికి విండో మేనేజర్ ఇంకా చట్రం తొడగకపోతే అంచుల లెక్క సున్నాయే. అందువల్ల కొన్ని యంత్రాల్లో బగ్ పోయింది, కొన్నింటిలో ఉండిపోయింది. బగ్ పూర్తిగా ఉండడం కంటే ఇది చెడ్డ స్థితి. "నా దగ్గర రావడం లేదు" అన్న మాట అక్కడ పుట్టింది. ఆ మాట తర్వాత ఎవరికి వారు తమ వైపు తప్పు లేదన్నారు. ఎడిటర్‌వారు, విండోలు మెనూలు గీసిపెట్టే కోడ్ సంపుటి అయిన టూల్‌కిట్ వైపు చూపించారు, టూల్‌కిట్‌వారు విండో మేనేజర్ వైపు చూపించారు, విండో మేనేజర్‌వారు నియమావళి తెరిచి చూపించారు.

ఇది ఎక్స్‌కు మాత్రమే పట్టిన జబ్బు కాదు. విండోస్‌లో విండో చోటును రెండు రకాలుగా అడగవచ్చు. ఒకటి తెర మూల నుంచి కొలుస్తుంది, ఇంకొకటి టాస్క్‌బార్‌ను తీసేసిన జాగా మూల నుంచి కొలుస్తుంది. టాస్క్‌బార్ కింద ఉన్నంతకాలం రెండూ ఒకటే. దాన్ని పైకో ఎడమకో మార్చుకున్నవారి దగ్గర, ఒకదానితో కొలిచి ఇంకొకదానితో పెట్టే ప్రోగ్రాములన్నీ జరుగుతాయి. మినిమైజ్ చేసిన విండోను అక్కడ రెండు దిక్కులా -32000 దగ్గర ఉంచుతారు, ఆ స్థితిలో మూస్తే ఆ సంఖ్యనే రాసుకున్న ప్రోగ్రాములున్నాయి. ఎక్స్ స్థానంలో వాడడానికి 2008లో మొదలైన వేలాండ్‌లో అయితే విండో తెర మీద ఎక్కడుందో మామూలు ప్రోగ్రాముకు చెప్పనే చెప్పరు. అందుకే "వేలాండ్ వస్తోంది కదా, ఈ బగ్ మూసేద్దాం" అన్నవారున్నారు. విండోను పాత చోట పెట్టవలసిన బాధ్యత అక్కడ ఎడిటర్ నుంచి వేరొకరి చేతికి మారుతుంది. వాడేవారికి కావలసినది మాత్రం మారదు.

బగ్ రిపోర్టులో ఏమేం ఉండాలన్నది ఇప్పుడు చెప్పాలని అనుకున్నాను. అది చెప్పేముందు ఒక మనిషి గురించి చెప్పక తప్పదు.

నాకు ప్రోగ్రామింగ్ నేర్పిన మాస్టారు ఒకరున్నారు. ఆయనకు చూపు తక్కువ. తెరను నాలుగింతలు పెద్దది చేసి చూపించే మాగ్నిఫయర్‌తో పనిచేసేవారు. లెక్క వేయండి. 1920, 1080 పిక్సెళ్ల తెరను నాలుగింతలు చేస్తే ఒకసారికి కనబడేది 480, 270 పిక్సెళ్ల ముక్క మాత్రమే. మొత్తం తెరలో పదహారో వంతు. అందుకని ఆయన విండోలను కళ్లతో వెతికేవారు కాదు. ఎడిటర్‌ను ఎడమ పై మూలకు ఆనించి పెట్టుకునేవారు. మౌసును ఆ మూలకు తోస్తే మెనూ దొరకాలి, అంతే. ఇప్పుడు 28ని పది పెట్టి గుణించండి. 280. ఆయనకు కనబడే ఎత్తు 270. పదిసార్లు మూసి తెరిచేసరికి, ఆయన చూస్తున్న ముక్కలో ఎడిటర్ అసలు లేదు.

ఒకరోజు ఫోన్ చేశారు. "ఏమయ్యా, నిన్న ఉన్నచోట మెనూ లేదు. నా కళ్లు ఇంకా పాడయ్యాయనుకుంటా" అన్నారు. "మాస్టారూ, ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కండి, వచ్చిన మెనూలో మూవ్ ఎంచుకుని బాణం మీటలతో పైకి జరపండి" అని చెప్పాను. జరిపారు. అప్పుడు తెలిసింది, ఆయన అప్పటికి నెలల తరబడి తన చూపే తగ్గుతోందని నమ్ముతున్నారు. డాక్టరు దగ్గరకు కూడా వెళ్లివచ్చారు. తప్పు ఎడిటర్‌ది అని ఆయనకు ఒక్కసారి కూడా తోచలేదు. మిత్రులారా, ఈ మాట దగ్గర నేను ముందుకు కదలలేకపోతున్నాను. ఒక ప్రోగ్రాము చేసిన తప్పుకు ఒక మనిషి తన కళ్లను అనుమానించారు.

ఆ తర్వాత ఆయన రిపోర్టు రాశారు. నేను చదివినవాటిలో అంత మంచి రిపోర్టు ఇంకొకటి లేదు. విండో మేనేజర్ పేరు, వెర్షను, థీమ్ పేరు, టైటిల్ బార్ మందం, వరసగా ఇరవైసార్లు తెరిచినప్పుడు సెట్టింగ్స్ ఫైలులో కనబడిన సంఖ్యలు, అన్నీ ఉన్నాయి. ఆ సంఖ్యలను ముందు నోటు పుస్తకంలో స్కెచ్ పెన్నుతో, పేజీకి మూడు చొప్పున, పెద్ద అంకెల్లో రాసుకున్నారు. ఆ పుస్తకం ఇదిగో, నా చేతిలో ఉంది. జవాబుగా రెండు ముక్కలు వచ్చాయి: కాస్మెటిక్, లో ప్రయారిటీ. అంటే పైపై లోపం, తొందర లేదు అని. కొంతకాలానికి, చాలా రోజులుగా కదలిక లేదు కాబట్టి రిపోర్టును మూసేస్తున్నామని ఒక ఆటోమేటిక్ సందేశం వచ్చింది. "ఇంకా ఉంది" అని ఆయన రాశారు. తెరిచారు. మళ్లీ మూసుకుంది. మళ్లీ "ఇంకా ఉంది" అని రాశారు. ఇది ఏళ్ల తరబడి సాగింది. ఈలోగా ఆయన ఎడిటర్ మూసే ముందు ప్రతిసారీ విండోను చేత్తో 28 పిక్సెళ్లు పైకి జరిపి మూయడం అలవాటు చేసుకున్నారు.

ఇప్పుడు ఆయనకు చూపు పూర్తిగా పోయింది. తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తున్నారు. విండో ఎక్కడున్నా దానికి పట్టింపు లేదు. ఆ బగ్ ఆయనకు అడ్డంగా ఉన్న ఏళ్లన్నీ అది తెరిచే ఉంది.

మీలో ఎంతమంది ఏదో ఒక ప్రాజెక్టులో రిపోర్టులకు తీవ్రత గుర్తు పెడుతుంటారు? చేతులెత్తండి. దయచేసి ఆ చేతులు ఒక్క క్షణం దించకండి. కాస్మెటిక్ అని గుర్తు పెట్టేముందు "దీనివల్ల మీ పని ఎక్కడ ఆగుతోంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. మాస్టారి రిపోర్టులో సంఖ్యలన్నీ ఉన్నాయి గాని మాగ్నిఫయర్ మాట లేదు. ఆయన తన చూపు సంగతి అపరిచితులకు చెప్పుకోదలచలేదు. ఎవరూ ఆయనను అడగలేదు. రిపోర్టు రాసే కొత్తవారికి నేను చెప్పేది కూడా దీని పక్కనే ఉంది: కొలతలు ఇవ్వండి, మీ చట్రం మందం ఇవ్వండి, వరసగా పదిసార్లు జరిగింది ఇవ్వండి, ఆ తర్వాత మీ చేతి పని ఎక్కడ ఆగిందో ఒక వాక్యం రాయండి.

చివరగా, ప్యాచ్ సంగతి. గత నెల నేనొకటి పంపాను. ఫ్రేమ్ ఎక్స్‌టెంట్స్‌ను మొదట్లో అడిగి దాచుకోకుండా, మూసే క్షణంలో అడుగుతుంది. అప్పటికి చట్రం తొడిగే ఉంటుంది కాబట్టి సరైన జవాబు వస్తుంది. నా మూడు యంత్రాల్లో ఇరవైసార్లు తెరిచినా అంకె 0 దగ్గరే ఉంది. మూడు యంత్రాలు చాలవని సమీక్షకులన్నారు, అది న్యాయమే. సభ అయ్యాక తలుపు పక్కనున్న బల్ల మీద ఆ ప్యాచ్‌తో తయారైన ఎడిటర్ ఉన్న పెన్‌డ్రైవ్, మాస్టారి నోటు పుస్తకం పెడతాను. మీ ల్యాప్‌టాప్‌లో పదిసార్లు తెరిచి మూసి, వచ్చిన పది సంఖ్యలు, మీ విండో మేనేజర్ పేరు ఆ పుస్తకంలో మిగిలిన పేజీల్లో రాయండి. అంకెలు పెద్దవిగా రాయండి.