వోయి ఎర్రదుమ్ము, మన తొలకరి గాలి

అందరికీ నమస్కారం. మాది అనంతపురం వైపు. మాకు ఆషాఢం వస్తే వాన రాదండీ, గాలి వస్తుంది. తలుపేస్తే కిటికీలోంచి, కిటికీ వేస్తే చూరు సందుల్లోంచి దుమ్ము. సంగటి గిన్నె మీద మూత తీయాలన్నా మా అవ్వ ఒకసారి ఆకాశం వైపు చూసేది. ఇదే గాలి మనకంటే ముందు ఇంకో ఊరి కళ్లల్లో దుమ్ము కొట్టి వస్తుందని తెలిశాక ఆ ఊరంటే నాకు ఏదో చుట్టరికం ఉన్నట్టే అనిపిస్తోంది.

ఆ ఊరి పేరు వోయి. కెన్యాలో నైరోబీ నుంచి మొంబాసా పోయే హైవే మీద, సావో నేషనల్ పార్కు గేటుకు దగ్గరగా ఉంటుంది. చుట్టుపక్కల కిత్తనార తోటలు, రోడ్డు మీద రాత్రీ పగలూ లారీలు, ఎటు చూసినా ఎర్రమట్టి. ఎంత ఎరుపంటే, అక్కడి ఏనుగులు ఆ మట్టిని ఒంటిమీద చల్లుకుని ఇటుక రంగులో తిరుగుతుంటాయి. ఏడాది వాన కూడా ఇంచుమించు మా అనంతపురం అంతే, 550 మిల్లీమీటర్ల చుట్టూ. కాకపోతే అది రెండు విడతలుగా పడుతుంది. మార్చి నుంచి మే దాకా పడేవి మసికా వానలు, అక్టోబర్ ఆఖరు నుంచి డిసెంబర్ దాకా వులి వానలు. పేరుకు మసికా పెద్దది గానీ వోయి వాళ్లకు గట్టిగా పడేది వులిలోనే.

జూన్ నుంచి మాత్రం చుక్క ఉండదు, గాలే. దక్షిణం నుంచి వచ్చే ఈ గాలిని అక్కడి తీరం వాళ్లు కుసి అంటారు. దీని పైన, ఒకటి ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో ఇంకా జోరైన ప్రవాహం ఒకటి భూమధ్యరేఖ దాటి, సోమాలియా పక్కనుంచి అరేబియా సముద్రం మీదికి మళ్లి, కేరళ కొండలకు కొట్టుకుంటుంది. మన నైరుతి అదే. 1960ల్లో ఫిండ్‌లేటర్ అనే వాతావరణ శాస్త్రవేత్త కెన్యా మీద గాలుల లెక్కలు చూసి దీన్ని వివరించాడు. మనకు ఇంత వాన తెచ్చేది అక్కడ ఎందుకు కురవదు అంటారేమో, తీరం వెంబడి దూసుకుపోవడమే తప్ప పైకి లేచి, చల్లబడి, మబ్బు కట్టే తీరిక దానికి అక్కడ దొరకదు. ఊరికి పడమర 2,200 మీటర్లు దాటిన టైటా కొండల మీద మంచు తడి నిలుస్తుంది, కింద వోయిలో మాత్రం దుమ్మే.

ఈ లెక్క కూడా ఏటా నిలవదు. హిందూ మహాసముద్రం పడమటి సగం వేడెక్కితే వాళ్లకు కుండపోత, చల్లబడితే కరువు. 2020 చివర నుంచి వరసగా ఐదు వాన కాలాలు మొహం చాటేశాయి. 2022లో ఫిబ్రవరి నుంచి అక్టోబర్ లోపు కెన్యాలో 205 ఏనుగులు చచ్చిపోయాయని ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఆ తర్వాత ఏడాది చివర్లో, ఎండిన అదే తూర్పు ఆఫ్రికాలో వరదలు.

సరే, పీల్చే గాలి సంగతికొద్దాం. ఎర్రదుమ్ము చూస్తే భయమేస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు కష్టమే, కాదనను. కానీ అందులో చాలా రేణువులు ముక్కులోనో గొంతులోనో ఆగిపోయే సైజువి. ఊపిరితిత్తుల లోతు దాకా దిగేవి పొగలోని సన్న రేణువులు. లారీల డీజిల్ పొగ ఉంది, పెరట్లో చెత్త తగలబెట్టే పొగ ఉంది, అన్నిటికంటే దగ్గరగా వంటింట్లో పొగ ఉంది. మూడు రాళ్లు, మధ్యలో కట్టెలు, పైన గిథేరి, అంటే మొక్కజొన్న గింజలూ చిక్కుడు గింజలూ కలిపి గంటల తరబడి ఉడికించేది. సన్న రేణువులు ఏడాది సగటున ఘనమీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. కట్టెలపొయ్యి మండుతున్నంతసేపూ ఆ అంకె వందల్లోకి పోతుంది. బొగ్గుల జికో పొయ్యికి పొగ తక్కువే, కాకపోతే మూసిన గదిలో అది వదిలే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు.

నాకు విచిత్రంగా తోచేది ఇంకొకటి ఉంది. వులి వాన పడగానే దుమ్ము అణిగిపోయి, ఊరంతా కడిగినట్టయి, టైటా కొండలు దగ్గరికొచ్చి నిలబడ్డట్టు కనిపిస్తాయి, బయటి గాలికి అంతకంటే మంచి రోజులుండవు. ఆ రోజుల్లోనే వాకిట్లో ఉన్న పొయ్యి లోపలికొస్తుంది, కట్టెలు తడుస్తాయి, జల్లు కొడుతోందని తలుపు వేస్తారు. తడి కట్టె మండదు, పొగలాడుతుంది. బయట బాగున్న గాలి లోపల, పిల్లను చంకనేసుకుని పొయ్యి ఊదే మనిషికి అందదు.

మా అవ్వ ఊదుగొట్టం పట్టుకుని కళ్లు తుడుచుకునేది వానాకాలంలోనే. ఎండాకాలంలో దుమ్మును తిట్టేది గానీ పొగను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అది వంటలో భాగమనుకునేది. తొలకరికి ముందే ఎండు కంప తెచ్చి అటక మీద పేర్చుకున్న ఏడు మాత్రం దగ్గు కాస్త తక్కువగా ఉండేది.