గాలి పైపు నోరు ఎక్కడ పెట్టాలి? స్పోర్ట్స్ కార్ల ఇన్‌టేక్‌పై చర్చ

(రాజమహేంద్రవరం స్టూడియోలో రికార్డయిన చర్చా కార్యక్రమం. పాల్గొన్నవారు: రావులపాలెంలో షెడ్డు నడిపే మెకానిక్, కాకినాడలో ఇంజిన్ల పాఠం చెప్పే అధ్యాపకురాలు, భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకునే ఒక కారు యజమాని.)

సమన్వయకర్త: నమస్కారం. సంక్రాంతికి మన రోడ్ల మీద హైదరాబాద్ కార్లు బారులు తీరతాయి. కుర్రవాళ్లు ఆ మూడు రోజులూ కోడిపందేలే చూస్తారనుకుంటే పొరపాటు. ఎవరి బోనెట్ కింద ఏముందో కూడా చూస్తారు. ఆ చూపు ఫలితం ఫిబ్రవరిలో మెకానిక్ షెడ్ల దగ్గర కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చిన గాలి పెట్టె తీసేసి బయట కొన్న ఇన్‌టేక్, అంటే ఇంజిన్‌కు గాలి అందించే పైపూ ఫిల్టరూ, బిగించుకోవడం, అదీ ఈ రోజు విషయం. బాబూ, మీ సంగతితో మొదలుపెడదాం.

యజమాని: నాది ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, 1.5 లీటర్ల టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి ఊదే చక్రం ఉన్నది, శక్తి 150 పీఎస్. నేను ఒకటి ఇప్పటికే బిగించేశానండి. బోనెట్ కింద తెరిచి ఉండే కోన్ ఫిల్టర్. మొదటి వారం ఆ శబ్దం కోసమే కాలువ గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. టర్బో గాలి పీల్చుకోవడం, కాలు తీయగానే బుస్సుమనడం... ఆ 150 కాస్తా 200 అయిపోయినట్టే ఉండేది. ఎండాకాలం వచ్చాక తెలిసింది. మధ్యాహ్నం రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు ఆగి కదిలితే కారు నీరసంగా ఉంటోంది. అందుకని ఈసారి పొడవాటి పైపుతో బంపర్ కింద నుంచి చల్లగాలి తెచ్చే రకం కొందామని.

మెకానిక్: బంపర్ కింద నుంచా? ఏ ఊళ్లో తిరిగే కారుకు, బాబూ?

సమన్వయకర్త: అక్కడికి వద్దాం మేస్త్రీ గారూ. ముందు ఆ నీరసం ఎందుకో మేడమ్ గారు చెప్పాలి.

అధ్యాపకురాలు: వేడి గాలి పలుచగా ఉంటుంది. గాలి వేడి 3 డిగ్రీలు పెరిగితే, అదే పరిమాణంలో సుమారు 1 శాతం గాలి తగ్గినట్టు లెక్క. బయట 35 డిగ్రీలు, ఆగి ఉన్న కారు బోనెట్ కింద 65 అనుకోండి. దాదాపు 9 శాతం పోయింది. టర్బో తర్వాత గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ కొంత సర్దుతుంది కానీ, ఆ భారం టర్బో మోయాలి. పైగా గాలి వేడెక్కితే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ జాగ్రత్తపడి స్పార్క్ సమయాన్ని వెనక్కి జరుపుతుంది, దాంతో బలం తగ్గుతుంది. మీ నీరసం అదే.

యజమాని: మరి కంపెనీ పెట్టె గాలిని అడ్డుకుంటుందంటారు కదా?

అధ్యాపకురాలు: అడ్డుకుంటుంది. ఎంత అన్నది మాత్రం ఎవరూ అడగరు. కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. లోపలి నీళ్లు బయటికి కనిపించే సన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి తీసుకుని యూ ఆకారంలో వంచి, సగం వరకు రంగునీళ్లు పోయండి. ఒక కొస ఫిల్టర్ దాటిన తర్వాతి పైపుకు తగిలించండి, రెండోది గాలికి వదిలేయండి. మీరు ఖాళీ రోడ్డు మీద పూర్తిగా తొక్కినప్పుడు పక్కన కూర్చున్నవారు రెండు వైపుల నీటి మట్టాల తేడా చూడాలి. వాతావరణ పీడనం అంటే సుమారు 10 మీటర్ల నీటి ఎత్తు. తేడా 10 సెంటీమీటర్లు వచ్చిందంటే అడ్డంకి 1 శాతం. దాన్ని పూర్తిగా మాయం చేసినా మిగిలేది ఆ ఒక్క శాతమే. దానికోసం 30 డిగ్రీల వేడిని కొని తెచ్చుకున్నారు.

మెకానిక్: (నవ్వుతూ) అణా సంపాదించి రూపాయి జారవిడుచుకున్నట్టు.

అధ్యాపకురాలు: టర్బో కారులో ఆ 1 శాతం కూడా కనిపించకపోవచ్చు. ఎంత ఒత్తిడి వరకు ఊదాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది, అది రాగానే ఆపేస్తుంది. తూము మార్చకుండా కాలువ వెడల్పు చేస్తే చేనుకు నీళ్లు పెరుగుతాయా? రీమ్యాప్ చేయించి, అంటే ఆ కంప్యూటర్ లెక్కలు మార్పించి, ఇంజిన్ నిజంగా ఎక్కువ గాలి అడిగే స్థితికి వచ్చినప్పుడు ఇన్‌టేక్ మాట ఎత్తితే అర్థం ఉంది.

సమన్వయకర్త: మేస్త్రీ గారూ, బంపర్ దగ్గర మీరు ఆగారు.

మెకానిక్: నిరుడు వానాకాలం నా దగ్గరికి ఒక కారు లారీ మీద వచ్చింది. ఫిల్టర్ ముందు చక్రం పక్కన, నేలకు జానెడు ఎత్తులో ఉంది. లంకకు వెళ్లే కాజ్‌వే మీద మోకాలి లోతు కూడా లేదట నీరు. ఇంజిన్ ఆగింది. ఆగితే తోయించుకుని బయటపడాల్సింది. ఆయన మళ్లీ స్టార్ట్ చేశాడు. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. విప్పి, పిస్టన్‌కు తగిలి ఉండే కనెక్టింగ్ రాడ్డు చేతిలో పెడితే, బాగానే ఉంది కదా అన్నాడు. వంకర కంటికి ఆనదు. అద్దం పలక మీద పడుకోబెట్టాను. పీట కాలు పొట్టిదైతే ఊగుతుందే, అలా ఊగింది. అప్పుడు ఇంక మాట్లాడలేదు.

అధ్యాపకురాలు: మామూలు బీమా పాలసీ ఇంజిన్‌లోకి నీరు వెళ్లిన నష్టాన్ని ఇవ్వదు. దానికి ఇంజిన్ రక్షణ అని విడిగా కట్టాలి. అది కట్టినా, కారులో మార్పులు చేసి చెప్పకపోతే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది.

మెకానిక్: కంపెనీ వాళ్లు చాలా కార్లలో పైపు నోరు ఎక్కడ పెడతారు? రేడియేటర్ పైన, బోనెట్ అంచున. ముందు నుంచి గాలి తగులుతుంది, నీటికి ఎత్తు. దారిలో వాన చినుకులు పడ్డా పెట్టె అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, కారిపోతాయి.

యజమాని: అవును, నా దానికీ ఉంది.

మెకానిక్: నీళ్లు ఏడాదిలో నాలుగు నెలలు. దుమ్ము మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. స్టూడియోలోకి వచ్చేముందు ఈ బాబు కారు బోనెట్ తీయించాను. ఫిల్టర్ మడతల్లో ఏముందో చెప్పనా? వరి ఊక. ఒక గింజ కూడా దొరికింది. దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, పక్కన యంత్రం నూరుస్తుంది, ఆ పొగలోంచి మనం వెళ్లాలి. కోనసీమ వైపైతే కొబ్బరి పీచు పొట్టు. మడతల్లో ఆగినది మంచిదే. ఆగనిది చూడాలి. ఫిల్టర్ దాటిన తర్వాతి పైపులో ఈ తెల్ల గుడ్డ పెట్టి ఒక్కసారి తిప్పాను. (గుడ్డ కెమెరాకు చూపిస్తూ) ఇదిగో. వేళ్ల మధ్య నలిపితే గరగరమంటోంది. ఇసుక అది.

సమన్వయకర్త: పట్టుకోవచ్చా? ... నిజమే, గరుకు తెలుస్తోంది.

అధ్యాపకురాలు: 1.5 లీటర్ల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన నిండా గాలి తీసుకుంటుంది. 6,000 చుట్ల దగ్గర నిమిషానికి 4,500 లీటర్లు, టర్బో ఊదితే ఇంకా ఎక్కువ. అంత గాలితో వచ్చే ఇసుక ముందు తగిలేది టర్బో చక్రం రెక్కల అంచులకు. తర్వాత పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు.

మెకానిక్: బాబూ, అది నూనె పట్టించే కాటన్ ఫిల్టర్ కదా. కడిగాక నూనె ఎంత పోశావు?

యజమాని: బాగా తడిసేదాకా.

మెకానిక్: పప్పులో నెయ్యి పోసినట్టు పోశావన్నమాట! తక్కువైతే దుమ్ము దాటుతుంది. ఎక్కువైతే నూనె గాలితో పాటు ముందుకు పోతుంది. గాలి కొలిచే సెన్సర్‌లో వేడి తీగ ఉండే కార్లలో అది తీగకు అంటుకుని కొలత తప్పుతుంది, పెట్రోలు లెక్క చెడుతుంది. ఆ సెన్సర్ కూర్చునే పైపు లోపలి వెడల్పు మారినా అంతే. అతికించి ఇచ్చే చవక కిట్లలో నేను ముందు కొలిచేది అదే.

సమన్వయకర్త: అమలాపురం నుంచి ఒక ప్రేక్షకుడు ఫోన్‌లో ఉన్నారు. చెప్పండి.

ప్రేక్షకుడు: నాది ఐ20 ఎన్ లైన్. కార్బన్ ఫైబర్ పైపు తీసుకోమంటున్నారు. అల్యూమినియం కంటే మంచిదా? పోలీసులతో ఇబ్బంది ఉంటుందా?

అధ్యాపకురాలు: అల్యూమినియం వేడిని త్వరగా లాక్కుంటుంది, కార్బన్ అంతగా లాక్కోదు. కానీ కంపెనీ ఇచ్చే ప్లాస్టిక్ కూడా వేడిని అంతగా పట్టదు. కార్బన్‌కు పెట్టే అదనపు డబ్బు చాలావరకు అందానికే. అందం కావాలంటే తప్పు లేదు, అందానికే కొంటున్నానని తెలిసి కొనండి. ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మూల స్వరూపాన్ని మార్చడం గురించి చెబుతుంది. అనుమతి లేని మార్పుకు 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అదే కొలతల్లో ఫిల్టర్ మార్చుకుంటే దాని కిందకు రాదు. మోత పెరిగితే మాత్రం శబ్ద పరిమితుల నిబంధన వేరే ఉంది.

సమన్వయకర్త: ఇంతకీ ఈ బాబు ఏమి కొనాలి?

మెకానిక్: కంపెనీ పెట్టెలోనే పట్టే పలక ఫిల్టర్, నూనె అక్కర్లేని సింథటిక్ రకం. లేదంటే కంపెనీ కాగితం ఫిల్టరే కొని, పుస్తకంలో రాసిన దూరంలో సగానికే మార్చేయి. మన దుమ్ముకు అదే తగినది. కిట్టే కావాలంటే నాలుగు వైపులా మూసిన పెట్టె ఉన్నది, నోరు కంపెనీ నోటి దగ్గరే ఉండేది చూడు. ఇంజిన్ పొయ్యి పక్కన నోరు తెరుచుకుని కూర్చున్నది వద్దు.

యజమాని: కానీ మేస్త్రీ గారూ, ఆ శబ్దం పోతుంది కదా.

మెకానిక్: పోతుంది.

అధ్యాపకురాలు: అందులో నేను మేస్త్రీ గారితో పూర్తిగా ఏకీభవించను. స్పోర్ట్స్ కారు కొన్నవారికి శబ్దం కూడా ఆనందమే, దాన్ని చిన్నచూపు చూడకూడదు. మూసిన పెట్టె ఉన్న మంచి కిట్‌తో కొంత శబ్దం మిగులుతుంది. అయితే వర్షాకాలానికి, కోతలకు పాతది తగిలించి, మిగతా రోజుల్లో అది వాడుకోవచ్చు. అరగంట పని.

మెకానిక్: దానికి పాతది ఉండాలి కదమ్మా. బాబూ, ఆ పెట్టె ఇంట్లో ఉందా, అమ్మేశావా?

యజమాని: ఉంది... కింది సగంలో మా అమ్మ కడియం నుంచి తెచ్చిన గులాబీ మొక్క పెట్టింది. అడుగున రంధ్రం ఉంది, నీళ్లు నిలవవని.

మెకానిక్: పై మూత?

యజమాని: మేత గోదాములో ఉంది. క్లిప్పులు కూడా ఉన్నాయి.

మెకానిక్: అయితే అమ్మగారికి మంచి కుండీ ఒకటి కొనిచ్చి, పెట్టె తీసుకుని సోమవారం రా. మూలల్లో మట్టి లేకుండా కడుగు. లేకపోతే ఇందాకటి ఇసుక ఈసారి నువ్వే పోసినట్టవుతుంది.