జీతం, గుమ్మడికాయ, మళ్లీ కాలువ

రూతు: అందరికీ వందనాలు. ఈ వారం ఎపిసోడ్ టాపిక్ ముందే చెప్పేస్తాను, లేకపోతే మళ్లీ దారి తప్పుతాం. జీతం చేతికొచ్చిన రోజే సంఘానికీ బీదలకీ ఇవ్వాల్సింది ఎలా పక్కన పెట్టుకోవాలి, ఇంట్లో భార్యాభర్తలు దాని గురించి గొడవ లేకుండా ఎలా మాట్లాడుకోవాలి.

శామ్యూల్: గొడవ లేకుండా అంటే ఫ్రిజ్ విషయం కూడా చెప్పాలి వదినా.

రూతు: ఫ్రిజ్ సంగతి ఎత్తితే మీ అన్నయ్య ఇంకో వారం నాతో మాట్లాడరు. పక్క గదిలోనే ఉన్నారు.

శామ్యూల్: సరేలే. ఇంతకుముందు విన్నవాళ్లకి తెలుసు.

రూతు: మా ఇంటి పద్ధతి ఇదీ. జీతం పడగానే పదో వంతు వేరే అకౌంట్‌లోకి దానంతటదే వెళ్లిపోతుంది. ఆ అకౌంట్‌కి ఫోన్‌పే పెట్టలేదు. పెడితే బిర్యానీలకే అయిపోతుంది. అందులో సంఘానికి కొంత, మా అత్తగారి ఊళ్లో ఇద్దరు పిల్లల ఫీజులకి కొంత. మిగతాది కదపం. అర్ధరాత్రి ఎవరో ఫోన్ చేసి ఆసుపత్రిలో ఉన్నామంటారు చూడు, దానికి.

శామ్యూల్: దశమభాగం మొత్తం సంఘానికే ఇవ్వాలని అంటారు కదా.

రూతు: ద్వితీయోపదేశకాండం 14 తీసి చూడు. మూడో ఏటి దశమభాగం మందిర సేవ చేసే లేవీయులకీ, పరదేశులకీ, తండ్రిలేనివాళ్లకీ, విధవరాళ్లకీ అని ఉంది. ఆ అధ్యాయం మీద ప్రసంగం వినడమే తక్కువ. దశమభాగమంతా మందిరానికి తెమ్మనే మలాకీ 3:10 మాత్రం ఏటా డిసెంబర్‌లో వచ్చేస్తుంది.

శామ్యూల్: అయ్యగారు ఈ ఎపిసోడ్ వింటారు వదినా.

రూతు: వినాలనే చెప్తున్నా.

శామ్యూల్: పదో వంతు సరే, మిగతా తొమ్మిది వంతుల సంగతేంటి? అసలు బకింగ్‌హామ్ కాలువ...

రూతు: ఇంకా ఐదు నిమిషాలు కాలేదు! కాలువ తర్వాత. ముందు జాన్ వెస్లీ, మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టినాయన. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు ఆయనకి ఏడాదికి 30 పౌండ్లు వస్తే, 28తో బతికి 2 ఇచ్చేశాడు. తర్వాతి ఏడు 60 వచ్చాయి. అప్పుడూ 28తోనే బతికాడు, 32 ఇచ్చాడు. మనకి జీతం పెరిగితే ముందు పెరిగేది ఈఎంఐ. పొలం అంచుల దాకా కోయొద్దు, కోతలో రాలిన పరిగె ఏరుకోవద్దు, అవి బీదలకి వదిలెయ్యమని లేవీయకాండం 19లో ఉంది. జీతమంతా ఈఎంఐలకి రాసిచ్చేస్తే ఇక పరిగె ఎక్కడ మిగులుతుంది? కారు లోన్ ఎందుకు తీసుకోలేదని అందరూ అడుగుతారు. ఇందుకే.

శామ్యూల్: బైబిల్లో పరిగె ఏరుకున్న రూతు పేరే మీది కాబట్టి పరిగె రాకుండా ఉండదు. అది సరే, మొన్న మన సంఘం కోత పండుగ వేలంలో గుమ్మడికాయ ఎంతకి పోయిందో చెప్పండి.

రూతు: చెప్పను. టాపిక్ అది కాదు.

శామ్యూల్: తొమ్మిది వేలు! రైతుబజార్‌లో యాభై రూపాయలకి వస్తుంది.

రూతు: ధర కోసం కాదుగా వేలం. పొలం ఉన్నవాళ్లు పంట తెస్తారు, ఉద్యోగాలున్నవాళ్లు డబ్బు పెట్టి కొంటారు. ఆ కాయ తెచ్చినామె దగ్గర వంద నోటు కూడా ఉండి ఉండదు. ఆమె కాయే ఆ రోజు సంఘానికి తొమ్మిది వేలు తెచ్చింది. ఆమె మొహం చూశావా?

శామ్యూల్: చూశా. ఆమె పేరు మైకులో చెప్పారా?

రూతు: ...లేదనుకుంటా.

శామ్యూల్: కొన్నాయన పేరు మూడుసార్లు చెప్పారు. ఇంటిపేరుతో సహా. చప్పట్లు కూడా.

రూతు: ఆ చప్పట్లు విని ఇంకో నలుగురు వేలం పాడారు కదా. ఆ డబ్బుతోనే పాస్టర్ గారింటి కప్పు వేశారు.

శామ్యూల్: కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6.

రూతు: మార్కు 12 కూడా చదువు. యేసయ్య కానుకపెట్టె ఎదుట కూర్చుని, ఎవరెవరు ఎంత వేస్తున్నారో చూస్తున్నాడు. బీద విధవరాలు వేసిన రెండు కాసుల సంగతి అలాగే మనకి తెలిసింది. బర్నబా పొలం అమ్మి డబ్బు తెచ్చాడని పేరుపెట్టి మరీ రాశారు అపొస్తలుల కార్యాల్లో.

శామ్యూల్: ఆ తర్వాతి అధ్యాయంలో, కొంత దాచుకుని అబద్ధమాడిన అననీయ పేరు కూడా రాశారు.

రూతు: (నవ్వు) నీతో వాదించలేను బాబూ.

శామ్యూల్: వాదన కాదు వదినా. నాకు ఆ మైకు పడదు. ఏడో తరగతిలో నన్ను స్టేజి ఎక్కించారు, బీద పిల్లలకి నోటుపుస్తకాలని. ఇచ్చారు, తీసుకున్నా. ఫోటో సరిగా రాలేదన్నాడు ఫోటోగ్రాఫర్. వెనక్కిచ్చి మళ్లీ తీసుకోమన్నారు. ఇచ్చినాయన మళ్లీ నవ్వారు, నన్ను కూడా నవ్వమన్నారు. కింద మా క్లాసు పిల్లలంతా కూర్చుని ఉన్నారు.

రూతు: మీ అన్నయ్య నాకెప్పుడూ చెప్పలేదు.

శామ్యూల్: అన్నయ్యకి తెలియదు.

రూతు: పక్క గదిలో ఉన్నారన్నాను కదా. ఇప్పుడు తెలిసే ఉంటుంది.

శామ్యూల్: ...తెలియనీ. పుస్తకాలు అవసరమే, కాదనను. వాటితోనే చదివా.

రూతు: చెప్పు, కాలువ సంగతి చెప్పు. ఈసారి ఆపను.

శామ్యూల్: నిజంగానా? ఒంగోలులో క్లౌ దొరగారని అమెరికన్ మిషనరీ. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. జనానికి ఊరికే గింజలు పంచి కూర్చోలేదు ఆయన. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, కరువులో ఉన్నవాళ్లకి పని ఇచ్చి, కూలి ఇచ్చాడు. ఎవడూ స్టేజి ఎక్కక్కర్లేదు. ఇంకోటి, సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని.

రూతు: తర్వాత కదా గుండ్లకమ్మ నదిలో...

శామ్యూల్: 1878 జులైలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం. అందరూ ఆ అంకే చెప్తారు. నాకు మాత్రం ముందు ఆపిన నెలలే గొప్ప. ఇచ్చి, బదులుగా ఏమీ తీసుకోకుండా ఉండటం.

రూతు: అది ఒప్పుకుంటా. మా ఇంట్లో చదువుకుంటున్న పిల్లాడి విషయంలో నా భయమూ అదే. ఊరి నుంచి వచ్చి మా హాల్లో పడుకుంటున్నాడు. చుట్టాలొస్తే "వీణ్ణి మేమే చదివిస్తున్నాం" అని నోటిదాకా వస్తుంది.

శామ్యూల్: అంటారా?

రూతు: మీ అన్నయ్య కళ్లతోనే ఆపేస్తారు. వాడికి ఇంటి తాళంచెవి ఇచ్చారా అని అడుగుతావేమో. మొదటి రోజే ఇచ్చాం. మా పిల్లలతో పాటే పాలకి వెళ్తాడు, వంతు ప్రకారం. వాడొక్కడే అయితే వెళ్లనివ్వను.

శామ్యూల్: ఆ వంతు మంచిది.

రూతు: ఒక మెసేజ్ ఉంది, గబగబా చెప్పేస్తా. కానుకలకి ట్యాక్స్ తగ్గుతుందా అని. కొత్త పన్ను విధానంలో విరాళాలకి మినహాయింపు లేదమ్మా. పాత విధానంలో ఉన్నవాళ్లయినా రెండు వేలకి మించి నగదుగా ఇస్తే రాదు. అంతే. మినహాయింపు పోయాక కూడా ఎవరు ఇస్తారో ఇప్పుడు బయటపడుతుంది.

శామ్యూల్: బాగా అన్నారు. భార్యాభర్తల గొడవ సంగతి?

రూతు: టైమ్ లేదు. అవునూ, వచ్చే ఏడు కోత పండుగ వేలం నువ్వే నడపాలని పెద్దలు అనుకుంటున్నారట.

శామ్యూల్: నేనా! అయితే పేర్లు చెప్పను.

రూతు: ఎవరు పాడుకున్నారో ఎలా రాసుకుంటారు?

శామ్యూల్: టోకెన్లు. 14వ నంబరు పాడుకున్నారు అంటాను.

రూతు: జైల్లోలాగా. ఒక్కడు కూడా పాడడు చూడు.

శామ్యూల్: పాడకపోతే పాడకపోనీ. కానీ పంట తెచ్చినవాళ్ల పేర్లు మాత్రం మైకులో గట్టిగా చదువుతా.

రూతు: అదెలా? ఇచ్చేవాళ్ల పేర్లు చదవొద్దన్నది నువ్వే కదా! పంట తెచ్చినామె మాత్రం ఇచ్చినట్టు కాదా?

శామ్యూల్: అది వేరు.

రూతు: ఏం వేరు?

శామ్యూల్: ఆమెకి ఎప్పుడూ ఎవరూ... కాలువలో అయినా మస్టరు రోలులో, అదే హాజరు పట్టీలో, కూలీల పేర్లు రాసే ఉంటారు వదినా...

రూతు: మళ్లీ కాలువ! ఉండు, బెల్ కొడుతున్నారు. గ్యాస్ బండ అనుకుంటా. ఏవండీ, కాస్త చూడండి! ఆపెయ్ శామ్యూల్, ఆ ఎర్రది నొక్కు.

శామ్యూల్: రెండు ఎర్రవి ఉన్నాయి.