ఆపరేషన్ అయిపోయింది కదా అని వదిలేయకండి

అందరికీ నమస్కారం. చెన్నైలో ఉంటున్న మన తెలుగు ఆడవాళ్లతో ఈ రోజు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ముందే కనిపెట్టే పరీక్ష గురించి మాట్లాడాలి.

మొన్న వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఒక నెల్లూరు అక్కని అడిగాను, లేడీ డాక్టర్ దగ్గరికి ఆఖరుసారి ఎప్పుడు వెళ్లావక్కా అని. "చిన్నోడు పుట్టినప్పుడు. అప్పుడే ఆపరేషన్ కూడా చేసేశారు కదా, ఇంక నాకేం పని?" అంది. ఆ చిన్నోడు ఇప్పుడు తొమ్మిదో క్లాసు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌లో ట్యూబులు మాత్రమే మూసేస్తారండీ. గర్భసంచి అలాగే ఉంటుంది, దాని ముఖద్వారమూ ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చేది అక్కడే. దాదాపు అన్ని కేసుల్లోనూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. చాలామందిలో అది ఒకటి రెండేళ్లలో తనంతట తనే పోతుంది. కొందరిలో ఉండిపోతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. అందుకే "నాకు బాగానే ఉంది" అనుకునేవాళ్లే ఈ పరీక్ష చేయించుకోవాలి.

ఇది కలయిక వల్ల సోకే వైరస్ అనగానే ఇళ్లల్లో అనుమానాలు మొదలవుతాయి. దయచేసి ఆ దారిలో వెళ్లకండి. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు చాలామందికి సోకేదే ఇది. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు తమిళనాడులో నూటికి 10 మంది కూడా లేరు. దేశం మొత్తం మీద 2 శాతం కూడా లేదు. జబ్బు ముదిరాక నెల్లూరు, చిత్తూరు నుంచి బస్సెక్కి అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి వస్తుంటారు మనవాళ్లు. మనం ఈ ఊళ్లోనే ఉండి కూడా వెళ్లడం లేదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

పరీక్షకి పట్టేది కొద్ది నిమిషాలే. పాప్ స్మియర్ అయితే చిన్న బ్రష్‌తో ముఖద్వారం దగ్గర కణాలు తీసి ల్యాబ్‌కి పంపుతారు. కాస్త ఇబ్బందిగా ఉంటుంది, అంతే. పీరియడ్స్ లేని రోజుల్లో వెళ్లండి. ఇక్కడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో 30 దాటినవాళ్లకి ముఖద్వారం మీద పలచని ఆసిటిక్ ఆమ్లం (వెనిగర్ లాంటిది) రాసి చూసే పరీక్ష కూడా చేస్తారు.

"వెళ్తే గర్భసంచి తీసేయమంటారేమో" అన్న భయం మనవాళ్లలో చాలా ఉంది. ముందుగా కనిపెడితే ముఖద్వారంలో మార్పు వచ్చిన చోటు వరకే వైద్యం చేస్తారు. సంచి తీయాల్సిన అవసరం సాధారణంగా రాదు. కలయిక తర్వాత రక్తం కనిపించినా, నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తస్రావమైనా, తెల్లబట్ట దుర్వాసన వచ్చినా, పరీక్ష తేదీ కోసం చూడకుండా వెంటనే వెళ్లండి.

ఇంకో ఇబ్బంది భాష. తమిళం రాకపోతే ఇలాంటివి భర్త చేత చెప్పించాల్సి వస్తుంది, ఆ సిగ్గుతోనే ఆగిపోతారు. తెల్లబట్టని ఇక్కడ "వెళ్ళైపడుదల్" అంటారు. ఆ ఒక్క మాట గుర్తుంచుకున్నా డాక్టర్‌కి అర్థమవుతుంది.

ఆ నెల్లూరు అక్కా నేనూ ఈ శనివారం వెళ్తున్నాం. తనకి తమిళం రాదు, నేను పక్కనే ఉంటానని చెప్పాను. నాకూ పరీక్ష చేయించుకోవాల్సిన టైమ్ వచ్చింది.