మూత పెడితే ఆరని మంట

శ్రోతలకు నమస్కారం.

1947 ఏప్రిల్ 16. అమెరికాలో టెక్సస్ సిటీ అనే రేవు పట్నం. ఉదయం ఎనిమిది గంటల వేళ, గ్రాండ్‌క్యాంప్ అనే ఫ్రెంచి ఓడ సరుకు గదిలోంచి పొగ రావడం కూలీలు చూశారు. అందులో దాదాపు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఉంది. యుద్ధంలో చితికిపోయిన యూరప్ పొలాలకు వెళ్లాల్సిన ఎరువు. కాగితం సంచుల్లో నింపారు, గడ్డకట్టకుండా గింజలకు మైనం లాంటి పూత వేశారు. కాగితం, మైనం రెండూ కాలేవే. ఈ సంగతి కాసేపు గుర్తుంచుకోండి.

ముందు కొద్దిపాటి నీళ్లు చల్లి చూశారు, చేతి ఎక్స్‌టింగ్విషర్లు వాడి చూశారు. మంట లొంగలేదు. గొట్టాలతో నీళ్లు కొడితే సరుకు నాశనమవుతుందని కెప్టెన్ వద్దన్నాడు. తలుపులు బిగించి, లోపలికి నీటి ఆవిరి వదలమన్నాడు. అతణ్ని తెలివితక్కువవాడని అనలేం. పత్తో బొగ్గో అంటుకుంటే ఓడలవాళ్లు అదే చేసేవారు. గాలి అందకపోతే మంట చస్తుంది. మన వంటింట్లో మూకుడులో నూనె అంటుకున్నా చప్పున మూతేగా పెడతాం!

ఇక్కడ ఆ ఉపాయం తిరగబడింది. పొగ నారింజ రంగుకు మారింది. ఆ వింత రంగు చూడటానికి జనం రేవుకు వచ్చారు, పిల్లలు కూడా. 9 గంటల 12 నిమిషాలకు ఓడ పేలిపోయింది. చనిపోయినవాళ్లు 580 మందికి పైనే. ఊళ్లోని స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో ఒక్కరు తప్ప అందరూ పోయారు. రెండు టన్నుల లంగరు మైలున్నర దూరంలో పడింది.

మరి మూత ఎందుకు పనిచేయలేదు? మామూలు మంటకు కాలే వస్తువు కావాలి, వేడి కావాలి, గాలిలోని ఆక్సిజన్ కావాలి. ఈ మూడింట్లో ఒకటి తీసేస్తే ఆరిపోతుంది. అమ్మోనియం నైట్రేట్ లాంటి పదార్థాలు మాత్రం మంటకు కావలసిన ఆక్సిజన్‌ను తమలోనే దాచుకుంటాయి. వేడి తగిలితే వదులుతాయి. వీటిని ఆక్సిడైజర్లంటారు, మన పాఠ్యపుస్తకాల్లో ఆక్సీకరణులు. వీటిలో చాలావాటికి స్వయంగా కాలే గుణం లేదు, పక్కనున్నదాన్ని మాత్రం విజృంభించి మండేలా చేస్తాయి. తలుపులు మూస్తే బయటి గాలి ఆగింది, లోపలి ఆక్సిజన్ ఆగలేదు. పైగా వేడి బయటికి పోయే దారి లేకుండా పోయింది, ఆవిరి ఇంకాస్త వేడి జోడించింది. కాలడానికి కాగితం, మైనం ఉండనే ఉన్నాయి.

పేర్లు కొత్తగా అనిపించినా ఈ జాతి మనకు పరిచయమే. బాణసంచాలో సురేకారం ఇదే. పంచాయతీ నీళ్ల ట్యాంకులో కలిపే బ్లీచింగ్ పౌడర్ ఇదే. పొటాషియం పర్మాంగనేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, గాఢ నైట్రిక్ ఆమ్లం, అన్నీ ఈ కోవలోవే. రైతులు కంగారుపడక్కర్లేదు. మీరు చల్లే యూరియా, డీఏపీ ఈ జాబితాలో లేవు.

వీటిని ఎదుర్కొనే పద్ధతి గురించి చెబుతాను. అమెరికా, కెనడా, మెక్సికో కలిసి తయారుచేసే ఒక అత్యవసర మార్గదర్శిని ఉంది. చాలా దేశాల ఫైర్ సిబ్బంది దాన్నే తిరగేస్తారు. అందులో 140వ నంబరు గైడు ఆక్సిడైజర్లది. డ్రై కెమికల్ పౌడర్ వద్దు, నురుగు వద్దు, నీళ్లే వాడండి అంటుంది. కార్బన్ డయాక్సైడ్ కూడా ఏదో కొంతవరకే. గోడకు వేలాడే ఎర్ర సిలిండర్ మీద భరోసా పెట్టుకోవద్దని దీని భావం. నీళ్లు పని చేసేది చల్లబరచి. అందుకే ధారాళంగా, దూరం నుంచి కొట్టాలి. లోపలి సరుకుకు వేడి తగిలిందని తెలిస్తే ఆ లారీని కదపకూడదు. ట్యాంకరుకో రైలు వ్యాగన్‌కో మంటలు అంటుకుంటే చుట్టూ 800 మీటర్లు ఖాళీ చేయించాలి. అందులో ఉన్నది అమ్మోనియం నైట్రేట్ అయితే 1,600 మీటర్లు.

ఒక మైలు! ఆ మైలు ఊరికే రాయలేదు. 2013 ఏప్రిల్ 17 సాయంత్రం టెక్సస్ రాష్ట్రంలోనే వెస్ట్ అనే చిన్న ఊళ్లో ఎరువుల గోదాము అంటుకుంది. చెక్క కట్టడం, లోపల చెక్క అరలు, అరల్లో అమ్మోనియం నైట్రేట్. మంట పుడితే వాటంతట అవే నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు లేవు. కబురు అందిన ఇరవై నిమిషాలకే పేలింది. పోయిన 15 మందిలో 12 మంది ఆర్పడానికి, సాయం చేయడానికి వెళ్లినవాళ్లే. 2020 ఆగస్టు 4న లెబనాన్ రాజధాని బేరూత్ రేవులో మంటలని వెళ్లిన దళంలో పది మంది పేలుడులో పోయారు, తిరిగి రాలేదు. ఆ గిడ్డంగిలో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి పడి ఉంది. నన్నడిగితే ఈ ప్రమాదాల్లో ఫైరింజన్ కంటే ముందు చేరాల్సింది లోపల ఏముందన్న సమాచారం. ధైర్యానికి అక్కడ కొదవ లేదు, కబురే అందలేదు.

బేరూత్ తర్వాత మన దగ్గరా ఉలిక్కిపడ్డారు. చెన్నై దగ్గర మణలిలో కస్టమ్స్ వాళ్లు 2015లో పట్టుకున్న సుమారు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్ అప్పటిదాకా కంటైనర్లలోనే ఉంది. వేలంలో కొన్నది హైదరాబాద్ కంపెనీ. బేరూత్ వార్త వచ్చిన వారం తిరక్కుండానే కంటైనర్ లారీలు తెలంగాణ దారి పట్టాయి. గనుల్లో, క్వారీల్లో పేలుడు మందుకు ఇదే ముడిసరుకు, కాబట్టి మన రోడ్ల మీద ఇది తిరగక తప్పదు. 2012 నాటి నిబంధనల ప్రకారం దీన్ని తయారు చేయాలన్నా, నిల్వ చేయాలన్నా, తరలించాలన్నా లైసెన్సు కావాలి.

ఇంతవరకూ నీళ్లు, నీళ్లు అన్నాను. కానీ అన్నిచోట్లా అదే మంత్రం పారదు. 2024 సెప్టెంబరు 29 తెల్లవారుజామున, అమెరికాలో మనవాళ్లు ఎందరో స్థిరపడ్డ అట్లాంటాకు తూర్పున కాన్యర్స్ అనే ఊళ్లో ఈత కొలనుల్లో కలిపే క్లోరిన్ రసాయనాల గోదాము అంటుకుంది. స్ప్రింక్లర్ లోపంతో పడిన నీళ్లే ఆ సరుకును రెచ్చగొట్టాయని అక్కడి అధికారులు చెప్పారు. సుమారు 17,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించారు, 90,000 మందిని తలుపులు వేసుకుని లోపలే ఉండమన్నారు. ఆ రకం క్లోరిన్ పదార్థాలకు చాలీచాలని తడి తగిలితే వేడి పుడుతుంది, విషవాయువు లేస్తుంది. అందుకే చెమ్మ తగిలిన బ్లీచింగ్ డబ్బా పొగలు కక్కుతుంటే మనం బకెట్టుతో నీళ్లు కుమ్మరించే సాహసం చేయొద్దు. బయటికొచ్చేసి ఫోన్ చేయడమే.

ఇక ఒలికిపోవడం. మంట లేదు కదా అని తేలిగ్గా తీసుకునేది ఇక్కడే. ఏదైనా ఒలికితే మన షెడ్లలో వెంటనే రంపపు పొట్టు చల్లుతారు, పాత గుడ్డలూ గోనెసంచులూ వేసి తుడుస్తారు. నూనె ఒలికితే మంచి పనే. నైట్రిక్ ఆమ్లం మీదో గాఢ పెరాక్సైడ్ మీదో ఆ పని చేస్తే మంటకు అవసరమైన కట్టెలు మనమే పేర్చినట్టు. కాసేపటికి తనంతట తనే రాజుకోవచ్చు. ద్రవమైతే పొడి ఇసుకతో అడ్డుకట్ట వేయాలి. పొడి సరుకైతే శుభ్రమైన పారతో, నూనె మరకలు లేని పొడి డబ్బాలోకి ఎత్తి, మూత వదులుగా పెట్టాలి. అదీ తర్ఫీదు ఉన్నవాళ్ల పని. డీజిల్, కిరోసిన్, గడ్డి, కాగితాలు దరిదాపుల్లో ఉండకూడదు. బట్టల మీద పడితే విప్పేసి, ఒంటిని బాగా కడుక్కోవాలి. తడిసిన చొక్కా ఆరాక మరింత ప్రమాదకరం, దండెం మీద వేసి మళ్లీ తొడుక్కోవద్దు.

రోడ్డు మీద లారీ పల్టీ కొట్టిందనుకోండి. దాని మీద పసుపు పచ్చ పలక, వృత్తం మీద మంట బొమ్మ, కింద 5.1 అని కనిపిస్తే అది ఆక్సిడైజరే. దగ్గర్లో నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 1942 అంటే అమ్మోనియం నైట్రేట్. దూరం నుంచే ఆ సంఖ్య చదవగలిగితే చదవండి, దాని కోసం దగ్గరికి పోవద్దు. గాలి మీ వైపు నుంచి లారీ వైపు వీచేలా నిలబడి, 112కు గానీ 101కు గానీ ఫోన్ చేసి, ఆ సంఖ్య, మంట ఉందా లేదా, పొగ రంగు చెప్పండి. గోధుమ, నారింజ రంగు పొగ కనిపిస్తే సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తూ నిలబడకండి. ఆ రంగు నైట్రోజన్ డయాక్సైడ్‌ది. పీల్చినప్పుడు కాస్త దగ్గు వచ్చి తగ్గినట్టే ఉంటుంది. గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడని స్థితి రావచ్చు. అందుకని ఆ పొగ పీల్చినవాళ్లు బాగానే ఉన్నామన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఏ పొగ పీల్చారో డాక్టరుకు చెప్పండి, ఆ రాత్రికి ఒంటరిగా పడుకోనివ్వకండి.

సెలవు.