నీరసం, గ్యాస్, వాపు, జ్వరం: ఈ మాటల వెనక ఏముంటుంది

పెద్దలందరికీ నమస్కారం. సార్వా ఊడ్పుల రోజుల్లో పని మానుకుని వచ్చి కూర్చున్నారు కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వెళ్తాను. మా దగ్గరికొచ్చే పదిమందిలో ఎక్కువమంది నోటి నుంచి మొదట వచ్చేవి నాలుగే మాటలు. నీరసమండి. గ్యాసండి. కాళ్ళు వాచాయండి. జ్వరమండి. ఇవేవీ జబ్బుల పేర్లు కావు, తలుపు మీద తట్టిన చప్పుళ్ళు. తలుపు అవతల ఎవరున్నారో తెలుసుకోవాలంటే మీరు ఇంకో రెండు ముక్కలు చెప్పాలి. ఆ రెండు ముక్కలేమిటో చెప్పడానికే వచ్చాను.

నీరసంతో మొదలుపెడదాం. నీరసం అనగానే పక్కనే ఇంకో మాట వస్తుంది: “ఒక సీసా ఎక్కించండి.” ఆ సీసాలో ఏముందో లెక్క చూద్దాం. అర లీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. అంటే సుమారు ఐదారు చెంచాల పంచదార. బలం లెక్కన నూరు కేలరీలు కూడా ఉండవు, దగ్గర దగ్గర రెండు ఇడ్లీలంత. ఇక అర లీటరు ఉప్పునీళ్ళ సెలైన్‌లో ఉండే ఉప్పు నాలుగున్నర గ్రాములు. ఒక మనిషి రోజు మొత్తం మీద 5 గ్రాములకు మించి ఉప్పు తినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బీపీ ఉన్నవాళ్ళకి ఆవకాయ మానమని చెప్పి, ఆ చేత్తోనే గంటలో ఇంత ఉప్పు నరంలోకి ఎక్కించడం ఏం న్యాయం? గుండె బలహీనంగా ఉన్న పెద్దవాళ్ళకి తొందరగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. సెలైన్ వద్దనడం లేదు. వాంతులు, విరేచనాలతో నోటినుంచి ఏమీ నిలవనప్పుడు, బీపీ పడిపోయినప్పుడు అది ప్రాణం నిలబెడుతుంది. నీరసానికి మాత్రం మందు కాదు. సీసా ఎక్కాక వచ్చే హుషారులో సగం, రెండు గంటలు కళ్ళు మూసుకుని పడుకున్నందువల్ల వచ్చిందే.

మరి నీరసానికి ఏం చూడాలి? రక్తం ఎంతుందో చూడాలి. ఆడవాళ్ళలో హిమోగ్లోబిన్ 12 కంటే, మగవాళ్ళలో 13 కంటే తక్కువుంటే రక్తహీనత. షుగరు, థైరాయిడ్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. బీపీకి నీటి మాత్ర, అంటే మూత్రం ఎక్కువ పోయించే మాత్ర, వాడే పెద్దవాళ్ళలో రక్తంలో సోడియం చూడాలి. అది తగ్గితే నీరసంతో పాటు మతిమరుపు, తూలు వస్తాయి. ఇంట్లోవాళ్ళు వయసు మీద పడిందనుకుంటారు. ఏళ్ళ తరబడి షుగరుకి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవారిలో బీ12 విటమిన్ తగ్గుతుంది, అరికాళ్ళ తిమ్మిర్లు దానివల్ల కూడా రావచ్చు.

ఐరన్ మాత్ర రాస్తే టీతో గానీ కాఫీతో గానీ వేసుకోవద్దు. టీ ఆ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. గంటో రెండు గంటలో ఎడం ఉండాలి. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. విరేచనం నల్లగా వస్తుంది, భయపడక్కర్లేదు. రక్తం మామూలు స్థాయికి వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు వాడాలి. ఎక్కువమంది ఇక్కడే మానేసి మళ్ళీ మొదటికొస్తారు. ఐరన్ వాడకుండానే విరేచనం తారులా నల్లగా వస్తుంటే మాత్రం అది వేరే కథ, కడుపులో రక్తం కారుతోందని అర్థం. ఒళ్ళు నొప్పుల మాత్రలు వాడేవారిలో ఇది ఎక్కువ. నడివయసు దాటిన మగవాళ్ళకి రక్తం తగ్గితే ఐరన్ ఇచ్చి పంపేస్తే సరిపోదు, ఎక్కడ పోతోందో వెతకాలి.

ఇక గ్యాస్. ఛాతీ మధ్యలో ఏదొచ్చినా మనకది గ్యాసే. ఒక ప్రశ్న వేసుకోండి: ఏటిగట్టు ఎక్కుతుంటే వచ్చి, ఆగితే తగ్గుతోందా? అలాగైతే గుండె కాదని తేలేదాకా దాన్ని గుండె నొప్పే అనుకోవాలి. చెమటలు పట్టడం, ఎడమ చేతికో దవడకో లాగడం, ఊపిరి అందకపోవడం తోడైతే ఇక ఆలోచించడానికేమీ లేదు. తేన్పు వచ్చాక తగ్గిందనో, సోడా తాగితే సర్దుకుందనో ధైర్యం తెచ్చుకోకండి, గుండె నొప్పిలో కూడా అలా జరుగుతుంది. షుగరున్నవాళ్ళకి, ఆడవాళ్ళకి అసలు నొప్పే లేకుండా చెమట, వాంతి, ఆయాసంతోనే గుండెపోటు రావచ్చు.

అప్పుడు చేయాల్సింది: 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడనివాళ్ళు, కడుపులో పుండుండి రక్తం కారేవాళ్ళు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించండి. అలాగే మింగేయడం కాదు, నమలాలి, తొందరగా పనిచేయడానికి. నాలుక కింద పెట్టే మాత్ర ఇంట్లో ఉన్నా బీపీ చూడకుండా పెట్టకండి. బీపీ తక్కువగా ఉంటే అది ఇంకా పడేస్తుంది. గుండె రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది నొప్పి మొదలైన 12 గంటల లోపే, అందులోనూ మొదటి గంటల్లో దక్కే ఫలితం తరవాత దక్కదు. ఏటి మధ్య లంక గ్రామాలవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. రాత్రి ఏరు దాటించే పంటు ఉండదు, తెల్లారనిద్దాం అనుకునే ఆ ఆరు గంటలే గుండె కండను తినేస్తాయి. ఎవరి పడవ అందుబాటులో ఉంటుందో, అవతలి రేవు నుంచి ఏ బండిలో వెళ్ళాలో జబ్బు రాకముందే అనుకుని ఉంచుకోండి. మొదటి ఈసీజీ బాగుందన్నా నొప్పి తగ్గకపోతే లేచి వచ్చేయకండి. కాసేపాగి ఇంకోటి తీయాలి, గుండె కండ దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయాలి.

నిజంగా గ్యాసే అయితే? కడుపులో యాసిడ్ తగ్గించే పాంటప్రజోల్ మాత్ర తినడానికి అరగంట ముందు వేసుకోవాలి, అన్నం తిన్నాక వేసుకుంటే సగం దండగ. రాత్రి భోజనానికీ పక్కకీ మధ్య రెండు మూడు గంటలు ఉంచండి. మింగుడు పడకపోయినా, బరువు తగ్గుతున్నా ఎండోస్కోపీ, అంటే గొట్టంతో కడుపు లోపల చూసే పరీక్ష, చేయించుకోవాలి.

కాళ్ళ వాపు దగ్గర మన డెల్టాకి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలు పారాయి, పంట పండింది, దాంతో పాటు నీరు నిలిచే చోటూ, బోదకాలు మోసే దోమా పెరిగాయి. బోదకాలు ఈ నేలకి కొత్త కాదు. అందుకే కాలు వాస్తే బోదకాలేమోనని భయం. మొదట చూడాల్సింది ఒక కాలా, రెండు కాళ్ళా అని. రెండూ వాస్తే బోదకాలు అయ్యే అవకాశం తక్కువ. సాయంత్రానికి చీలమండల దగ్గర వాచి పొద్దుటికి దిగిపోతూ, మీరు బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంటే అది ఆ మాత్ర వల్ల కావచ్చు. మాత్ర మార్చవచ్చు, మీ అంతట మీరు మానొద్దు. పొద్దున్నే మొహం ఉబ్బి, మూత్రం నురగ వస్తుంటే కిడ్నీ. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి రాత్రి లేచి కూర్చోవాల్సి వస్తే గుండె.

ఒక కాలే వాస్తే, అదీ ఆపరేషన్ తరవాతో, చాలా రోజులు మంచాన పడ్డాకో హఠాత్తుగా నొప్పితో వాస్తే, రక్తం గడ్డ కట్టిందేమోనని ఆ రోజే చూపించుకోవాలి. ఆ గడ్డ ఊపిరితిత్తికి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. గజ్జల్లో బిళ్ళ కట్టి, చలిజ్వరం వచ్చి, కాలు ఎర్రబడి, తగ్గి, కొన్నాళ్ళకి మళ్ళీ అదే వస్తుంటే బోదకాలు దారి. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు రక్తంలోకి వచ్చేది రాత్రి పది నుంచి రెండు మధ్య. అందుకే ఆ వేళ రక్తం తీస్తారు, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు. బోదకాలు రాకుండా ప్రభుత్వం ఇంటింటికీ పంచే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రల్ని గూట్లో దాచకుండా వాళ్ళ ఎదుటే మింగండి. మింగాక కాస్త జ్వరం, తలనొప్పి వస్తే పురుగు పిల్లలు చస్తున్నాయన్నమాట. గర్భిణులు, రెండేళ్ళలోపు పిల్లలు, బాగా జబ్బుపడినవాళ్ళు మాత్రం వేసుకోకూడదు. ముదిరిన వాపు మాత్రలతో పోదు. దాన్ని పెంచేది పురుగు కంటే వేళ్ళ సందుల్లోంచి దూరే సూక్ష్మజీవులు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య గుడ్డతో తడి అద్ది, పాచిపోయినచోట మందు రాసి, పడుకున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకుంటే ఆ జ్వరాలు బాగా తగ్గుతాయి. ఇంత చవకైన వైద్యం ఇంకోటి లేదు, ఇంతగా నిర్లక్ష్యం చేసేదీ ఇంకోటి లేదు.

జ్వరం గురించి ఎక్కువసేపు చెప్పాలి. జ్వరం మొదలైన తేదీ చెప్పండి. “నాలుగైదు రోజులైందండి” అని కాదు, “మంగళవారం సాయంత్రం” అని. ఎందుకంటే పరీక్షలు రోజుని బట్టి ఉంటాయి. డెంగీకి మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 అనే రక్తపరీక్ష చేస్తే తెలుస్తుంది, తరవాతైతే ఐజీఎం అనే పరీక్ష చేయాలి. తిప్పి చేస్తే లేదని వస్తుంది, జబ్బు ఉంటుంది. డెంగీలో గండం జ్వరం కాసేటప్పుడు కాదు, దిగేటప్పుడు, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. జ్వరం తగ్గింది కదా అని పొలం వెళ్ళిపోయినవాళ్ళే ఆ సాయంత్రం చల్లబడి పడిపోతారు. కడుపులో విడవని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం: వీటిలో ఏ ఒక్కటి కనపడినా ఆసుపత్రిలో ఉండాలి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే పట్టుకుని కంగారుపడొద్దు. రక్తస్రావం లేకపోతే పదివేలకు దిగేదాకా సాధారణంగా ఎక్కించరు. దానికంటే రక్తం చిక్కబడుతోందా అన్నది ముఖ్యం, అంటే ద్రవం నరాల్లోంచి బయటికి జారిపోతోందా అని. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం పెంచుతాయి. ఊళ్ళో “జ్వరం ఇంజెక్షన్” పేరుతో చేసేది చాలాసార్లు డైక్లోఫెనాకే, అడిగి తెలుసుకోండి.

జ్వరంలో కొబ్బరి బోండాం మంచిదే, కిడ్నీ జబ్బు లేనివాళ్ళకి. ఒక్కో బోండాంలో అరగ్రాము పైగా పొటాషియం ఉంటుంది. కిడ్నీలు పాడైనవాళ్ళ ఒంట్లో అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది.

బురదలో పనిచేసేవాళ్ళకి జ్వరంతో పాటు పిక్కలు పట్టుకుంటే కేకపెట్టేంత నొప్పి, కళ్ళు ఎర్రబడడం ఉంటే ఎలుక జ్వరం అనుకోవాలి. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళు కాలి మీది చీరుడు గుండా ఒంట్లోకి వెళ్తాయి. నీళ్ళలో దిగిన వారం రెండు వారాలకి జ్వరం వస్తుంది, అందుకే ఎవరూ రెండింటినీ కలపరు. కళ్ళు పచ్చబడినా, మూత్రం తగ్గినా పసరు మందు కోసం తిరగకండి, అది మామూలు పచ్చకామెర్లు కాదు, కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఊడ్పుల్లో బూట్లు వేసుకోమనడం మాటవరసకే, ఎవరూ వేసుకోలేరు. కనీసం పుండున్న కాలుకి కట్టు కట్టుకోండి, గట్టెక్కగానే సబ్బుతో కడుక్కోండి.

ఇంకో జ్వరం స్క్రబ్ టైఫస్. నల్లికంటే చిన్నదైన, తుప్పల్లో ఉండే పురుగు కుట్టినచోట సిగరెట్ కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. చంకలో, గజ్జలో, మొలతాడు కింద, రొమ్ము కింద ఉంటుంది కాబట్టి మీకు కనపడదు, సిగ్గుపడి చూపించకపోతే మాకూ కనపడదు. సరైన మందు పడితే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది.

“టైఫాయిడ్ పాయింట్లు” గురించి ఒక మాట. వైడాల్ పరీక్షలో వచ్చే ఆ అంకెలు పాత జ్వరం వల్లా, వేరే జ్వరాల వల్లా కూడా పెరుగుతాయి. మొదటి వారంలో అసలు నమ్మదగ్గవి కావు. “పాయింట్లు ఇంకా తగ్గలేదు” అని నెలల తరబడి మందులు మింగడం వృథా. యాంటీబయాటిక్ మొదలెట్టకముందే రక్తంలో సూక్ష్మజీవి పెరుగుతుందేమో చూసే కల్చరు పరీక్షకి పంపితే అసలు సంగతి తెలుస్తుంది.

బీపీ, షుగరు సంగతి. షుగరు పరీక్షకి ముందురోజు రాత్రి అన్నం మానేసి వచ్చేవాళ్ళున్నారు. ఆ ఎత్తు పారదు, హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష మూడు నెలల బాగోతం చెప్పేస్తుంది, 6.5 దాటితే షుగరే. తిన్నాక చూసే పరీక్షకి రెండు గంటలు లెక్కపెట్టాల్సింది మొదటి ముద్ద నుంచి, చేయి కడిగిన దగ్గర్నుంచి కాదు. పరగడుపు పరీక్షకి వచ్చే రోజు బీపీ మాత్ర గుక్కెడు నీళ్ళతో వేసుకునే రండి. షుగరు మాత్ర, ఇన్సులిన్ మాత్రం టిఫిన్ దాకా ఆపండి. అన్నం మానేసి రాత్రి నాలుగు చపాతీలు తింటే షుగరుకి పెద్ద తేడా తెలియదు, అదీ పిండే. తగ్గించాల్సింది కంచంలో కొలత. చెమటలు, వణుకు, గాభరా వచ్చి షుగరు 70 కంటే పడిపోతే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకి మళ్ళీ చూడండి.

వచ్చేటప్పుడు మందుల అట్టలన్నీ కవర్లో వేసుకుని తీసుకురండి, ఖాళీవైనా సరే. “ఎర్ర మాత్ర, చిన్న మాత్ర” అంటే మాకు తెలియదు. ఆ కవర్లో ఒక్కోసారి ఒకే బీపీ మందు రెండు కంపెనీల పేర్లతో దొరుకుతుంది, మనిషి రెండూ వేసుకుంటూ తల తిరుగుతోందని వస్తాడు. ఇంకోసారి పేరులేని పొట్లం మందు దొరుకుతుంది. మోకాళ్ళ నొప్పి మాయం చేసే ఆ పొట్లంలో స్టెరాయిడ్ ఉండొచ్చు. అలాంటిది వాడుతుంటే ఒక్కసారిగా మానకండి, చెప్పండి, మెల్లగా తగ్గిస్తాం. బీపీకి రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి మందుతో నీటి మాత్ర కూడా వాడేవాళ్ళు నొప్పుల మాత్ర కలిపితే, ఎండలో చెమటోడ్చిన రోజున ఆ మూడూ కలిసి కిడ్నీని దెబ్బతీస్తాయి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. బీపీ చూపించుకోదలచినవారు మూత్రానికి వెళ్ళొచ్చి, వీపు ఆనించి, కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేయకుండా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చొక్కా చేయి పైకి మడవండి. ఒక్కొక్కరికి రెండుసార్లు చూస్తాం. 140కి 90 వచ్చినా ఈ ఒక్క రోజుతో ఏమీ తేల్చం, మళ్ళీ చూడాలి. వెనక టీ పెట్టారు, బీపీ చూపించుకున్నాకే తాగండి.